అడిగిన ప్రతివాళ్లకూ ఒక పెన్ను

మా ఆయన పేరు రాజన్న. మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం మా ఇళ్లల్లో లేదు గానీ రాసేటప్పుడు తప్పదు కదా. బీదర్‌లో ఒక మందుల కంపెనీలో స్టోర్స్ చూస్తాడు. ఏ డ్రమ్ము లోపలికొచ్చింది, ఏది బయటికి పోయింది, ఎవరు ఎంత తీసుకున్నారు, ఇదీ ఆయన పని. పొద్దున్నే వెళ్లి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరుకుంటాడు. వచ్చేసరికి మనిషి పిండి ఆరేసిన బట్టలా ఉంటాడు. చెప్పులు విడవడానికి కూడా గోడ పట్టుకుంటాడు.

పని ఎక్కువై కాదు, ఆయనకున్న జబ్బు అలాంటిది. ఎవరినీ కాదనలేడు. ఎవరైనా ఏదైనా అడిగితే కాస్త బుర్ర గోక్కుని, గొంతు సవరించుకుని, చివరికి తలూపుతాడు. మా పెళ్లిలో పంక్తి నడుస్తుండగా పెరుగు తక్కువైందని ఎవరో అరిచారు. పీటల మీంచి లేచింది ఎవరనుకున్నారు? పెళ్లికొడుకే. బాసికం కట్టుకుని పెరుగు బిందె కోసం బయల్దేరిన మనిషిని మా మేనమామ చెయ్యి పట్టుకుని కూచోబెట్టాడు. అప్పుడు అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ తర్వాత నవ్వింది తక్కువ.

మాది నారాయణఖేడ్ పక్కన పల్లె. ఆరు నెలలు చేసి చూద్దామని బీదర్ వచ్చాం. వచ్చినప్పుడు ఇంకా బడికి పోని మా అమ్మాయి అర్చిత, ఇప్పుడు గుల్బర్గాలో హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. నా పేరు సూర్య, ఒక ప్రైవేటు స్కూల్లో చిన్న తరగతులకు చెబుతాను. ఇన్నేళ్లూ ఎవరికి సెలవు కావాలన్నా వాళ్ల డ్యూటీ మా ఆయనే చేశాడు. ఆదివారం స్టాక్ లెక్కకు ఎవరో ఒకరు రావాలంటే ఆ ఎవరో ఒకరు ఈయనే. ఊరి నుంచి ఎవరు ఆస్పత్రికి వచ్చినా వెంట తిరిగేది ఈయనే. ఎవరి మీదా కోప్పడడు. ఆ కోపమంతా ఎక్కడికి పోతుందో బీపీ చూసిన డాక్టరు చెప్పాడు. రాత్రి నిద్ర లేదు, మాత్రలు రెండయ్యాయి. యాభై దాటకముందే ముసలాడిలా నడవడం మొదలుపెట్టాడు.

అలాంటి మనిషి ఒకరోజు ఫోన్‌లో ఏదో వీడియో చూస్తూ అన్నం తినడం మర్చిపోయాడు. ఎవరో తెల్లాయన చిన్న లేత్ మిషను మీద చెక్కను తిప్పి పెన్ను తయారుచేస్తున్నాడు. మాట లేదు, పాట లేదు. చెక్క తిరుగుతోంది, పొట్టు రాలుతోంది, అంతే. నాలుగు నెలలు అదే చూశాడు. ఐదో నెల పార్శిల్ వచ్చింది. కుట్టుమిషనంత లేత్.

"ఏందయ్యా ఇది? వడ్లపని ఎప్పుడు నేర్సినవ్?" అన్నాను. మా వైపు వడ్రంగాన్ని వడ్లపని అంటాం.

"నేర్సుకుంట. ఊకె కూసుంటే పరేషాన్ అయితాంది," అన్నాడు.

మెట్ల కింద చోటు చూసి పెట్టుకున్నాడు. మా ఇంటి ఓనరు సక్కుబాయి కిందనే ఉంటుంది. ఖటక్ చించోళిలో పొలం కౌలుకిచ్చి పట్నంలో ఇల్లు కట్టుకున్న మనిషి, మరాఠీలో తిడుతుంది, తెలుగులో తకరారు పెడుతుంది. పొద్దున లేచిందగ్గర్నుంచి ఎయిర్‌ఫోర్సు ట్రైనింగు విమానాలు నెత్తి మీద రయ్యిమని తిరిగినా ఆమెకు చెవి నొప్పి రాదు. మా లేత్ చప్పుడుకు మాత్రం తలనొప్పి వచ్చేసింది. గంటకు మించి తిప్పనని ఆయన మాటిచ్చాడు. అలా ఆరున్నర నుంచి ఏడున్నర ఆయన గంటైంది.

నేను ఆ గంటలో చాయ్ గ్లాసు పట్టుకుని మెట్ల మీద కూచునేదాన్ని. అందుకే పని మొత్తం నాకూ తెలుసు. బొటనవేలంత లావున్న చెక్కముక్క తీసుకుని దానికి నిలువునా బెజ్జం వెయ్యాలి. అందులోకి రీఫిల్లు పట్టే సన్నటి ఇత్తడి గొట్టం జిగురు రాసి దూర్చాలి. మర్నాటిదాకా ఆరనివ్వాలి. అప్పుడు లేత్‌కు బిగించి, తిరుగుతున్న చెక్కకు ఉలి ఆనించాలి. గట్టిగా ఆనిస్తే చెక్క పగిలి మొహం మీదికి లేస్తుంది. ఉలి ఊపిరి పీల్చినంత మెల్లగా కదలాలి. ఆ తర్వాత ఉప్పు కాగితం, గరుకుదానితో మొదలుపెట్టి నున్నటిదాకా. చివర మైనం పట్టిస్తే అప్పటిదాకా కనబడని చెక్క గీతలన్నీ పైకి తేలతాయి. అది చూసినప్పుడల్లా "సూడు, సూడు" అనేవాడు, వేరే ఎవరో చేసినదాన్ని నాకు చూపిస్తున్నట్టు.

మొదటి పది పన్నెండు పగిలిపోయాయి. బాధపడలేదు. పాత ఊళ్లో కూలగొట్టిన ఇళ్ల టేకు దర్వాజా ముక్కలు, దుబల్‌గుండి సంతకు పోయినప్పుడు తెచ్చిన విరిగిన బండిచక్రం ముక్క, చింత, వేప, తుమ్మ, ఏది దొరికితే అది. వారానికి ఒక పెన్ను, ఒక్కోసారి రెండు వారాలకు ఒకటి. బిస్కెట్ల డబ్బాలో పెట్టుకునేవాడు. రాత్రి నిద్ర పట్టడం మొదలైంది. ఒక మాత్ర తగ్గింది. ఒకరోజు తిప్పుతూ తిప్పుతూ కూనిరాగం తీశాడు. ఆయనకు రాగం వచ్చని కాపురానికొచ్చిన ఇన్నేళ్లకు తెలిసింది. ఆ గంటలో ఆయన్ని ఎవరూ ఏమీ అడగరు, అదీ సంగతి. ఆ గంట లేకపోతే ఈ మనిషి నాకు మిగలడని అప్పుడే అనుకున్నాను.

అన్నీ మనం అనుకున్నట్టు నడిస్తే ఇంకేం.

ఒకరోజు గేటు దగ్గర సంతకం పెట్టడానికి జేబులోంచి తన పెన్ను తీశాడు. వెనక మేనేజర్ దయానంద్ సార్ ఉన్నాడు. భాల్కి వైపు మనిషి, కన్నడం మాట్లాడతాడు, మావాళ్లతో మాత్రం దక్కనీ ఉర్దూ కలిపి కొడతాడు. "అరె వాహ్ రాజన్నా, మస్త్ హై!" అన్నాడట. మా వైపు ఒక అలవాటుంది. మన వస్తువు చూసి ఎవరైనా బాగుందంటే ఆ వస్తువు ఇక మనది కాదు. చేతిలో పెట్టేయాలి. మా అమ్మ అలాగే ఇత్తడి చెంబులు పోగొట్టుకుంది. మా ఆయన "తీస్కోండి సార్" అని పెన్ను ఇచ్చేసి, సంతకం వాచ్‌మన్ పెన్నుతో పెట్టి వచ్చాడు.

మర్నాడు సార్ దాన్ని జేబుకు తగిలించుకుని కంపెనీ అంతా తిరిగాడు. ఆ వారంలో ప్యాకింగ్ సిద్ధప్ప అడిగాడు. తర్వాత క్యాంటీన్ కిష్టప్ప, రాయడానికి కాదు, జేబుకు పెట్టుకోవడానికి. బిస్కెట్ల డబ్బా నెలలో ఖాళీ. ఆ తర్వాత ఆర్డర్లు మొదలు. మా బావకు నల్ల చెక్కది కావాలి. మా సాహెబ్ రిటైరవుతున్నాడు, పేరు చెక్కించి ఇవ్వాలి. మా చెల్లి పెళ్లికి వియ్యంకుడికి ఒకటి. ఒకాయనకు బిద్రీ సామానులాగా నల్లటి దాని మీద వెండి తీగ కావాలట. అది చేసేవాళ్ల వంశాలు వేరు, ఆ చెయ్యి వేరు అని ఈయన చెప్పబోతే, "నువ్వు చేయగలవు రాజన్నా" అని భుజం తట్టి పోయాడు.

సక్కుబాయికి తలనొప్పి ఎలా తగ్గిందో చెప్పాలి. "మా నవనాథ్ డిగ్రీ పరీక్షలు రాస్తుండు, ఒక పెన్ పాహిజే," అంది. ఇచ్చాడు. తర్వాత అల్లుడికి, తర్వాత అల్లుడి తమ్ముడికి. ఇక లేత్ పొద్దుటిపూట తిరిగినా ఆమెకు వినబడలేదు.

మా స్కూల్లో కూడా తెలిసింది. ఆర్తి టీచర్ అడిగితే నేను వెంటనే కాదన్నాను. నా నోరేం పడిపోలేదు, ఆమె నాతో మాట్లాడటం మానలేదు. "మీ దగ్గరైనా ఉందా మరి?" అని అడిగింది. లేదు. చివర కొరికిన బాల్‌పెన్నుతోనే పిల్లల కాపీలు దిద్దుతాను. అడిగితే నేను కూడా ఆ వరసలో చివర నిలబడ్డ మనిషినవుతాను. అడక్కుండా తనే ఇస్తే చూద్దామని ఊరుకున్నాను. ఆయనకు ఆ ఆలోచన రాలేదు. అడగని మనుషులు ఉంటారని ఆయనకు తెలియదేమో.

వీటన్నిటినీ ఎలాగో మోసేవాడు. కానీ కంపెనీకి పాతికేళ్లు నిండుతున్నాయని పండగ చేయాలనుకున్నారు. ఒకరోజు అందరినీ క్యాంటీన్ హాల్లోకి పిలిచి, మా ఆయన్ని ముందుకు రమ్మన్నారు. దండ వేశారు. జరీ అంచు శాలువా కప్పారు. కన్నడంలో, హిందీలో మాట్లాడారు. మన కంపెనీలో ఇంత కళాకారుడున్నాడని ఇన్నాళ్లూ తెలియలేదు అన్నారు. చప్పట్లు. ఆ చప్పట్ల మధ్య దయానంద్ సార్ మైకులో చెప్పాడు, పండక్కి వచ్చే అతిథులందరికీ రాజన్న చేతి పెన్నే బహుమానమని. అరవై మంది. రెండు నెలలు టైము.

శాలువా భుజాన ఉండగా, మెడలో బంతిపూల దండ ఉండగా, ఫొటో తీస్తుండగా, కాదనడం ఎట్లా? ఆయనే కాదు, మా వైపు మగాడెవడూ కాదనడు. శాలువా కప్పించుకున్నాక మెడ వంచినట్టే. ఇంటికొచ్చి శాలువా మంచం మీద పెట్టి దాని పక్కన కూచున్నాడు.

"సన్మానం చేసిండ్రు," అన్నాడు, ఎవరో పోయారని చెప్పినట్టు.

ఆ మర్నాటి నుంచి గంట రెండు గంటలైంది. తర్వాత పొద్దున ఐదింటికి లేవడం. తర్వాత ఆదివారాలు. అన్నీ ఒకే సైజు ఉండాలి, ఒకే రంగు ఉండాలి, క్లిప్పు మీద కంపెనీ గుర్తు ఉండాలి. చెక్క కూడా వాళ్లే పంపారు, ఒకే రకం ముక్కలు గోనెసంచిలో. "సూడు" అనడం ఆగిపోయింది. చూడ్డానికి ఏముంది, అన్నీ ఒకటే. కూనిరాగం పోయింది. తగ్గిన మాత్ర మళ్లీ వచ్చింది. మణికట్టుకు గుడ్డ చుట్టుకుని తిప్పుతున్నాడు. నేను చాయ్ గ్లాసు అక్కడ పెట్టి లోపలికి వచ్చేస్తున్నాను, అక్కడ కూచోబుద్ధి కాలేదు.

ఒక ఆదివారం నాకు ఒళ్లు మండింది.

"ఇటు రా. కూసో. నేను దయానంద్ సార్‌ను. నువ్వు నాకు కాదని చెప్పు," అన్నాను.

"ఏం పని నీకు?"

"చెప్పు మరి. రాజన్నా, ఇంకొక పది పెన్నులు కావాలె."

కాసేపు బుర్ర గోక్కున్నాడు. గొంతు సవరించుకున్నాడు. "సార్... మరి ఎప్పటికి కావాలె సార్?"

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "కాదు అను. రెండక్షరాలు. మా ఒకటో తరగతి పోరగాళ్లు అంటరు."

"సార్, కాదు గానీ..."

"గానీ వద్దు."

"సార్, పానం మంచిగ లేదు."

"గది సాకు. కాదు అను."

"నోట్లె మాట రాదే సూర్యా. పెద్దమనిషి నోరు తెరిచి అడిగిండాయె. మనిషి ముంగట మనిషి నిలబడ్డంక ఎట్లంటరు?" అన్నాడు.

రోజూ చేయించాను. చపాతీ వేస్తూ సక్కుబాయినయ్యాను, బట్టలు ఆరేస్తూ సిద్ధప్పనయ్యాను. చివరికి వంట గదిలో నా వీపు చూస్తూ అనగలిగేవాడు. నేను తిరిగి మొహం చూపిస్తే మళ్లీ తలూపేవాడు.

సగం పెన్నులయ్యాక ఒక సాయంత్రం నేను పిల్లల కాపీలు ముందేసుకుని ఉన్నాను. లేత్ చప్పుడు మారింది. ఏదో చిక్కుకున్నట్టు మూలిగింది. పరుగెత్తాను. ఆయన ఉలి పట్టుకునే కునికాడు. చొక్కా చేతి అంచు లేత్‌లో చుట్టుకుని, చెయ్యి దాని వైపు పోతోంది. ప్లగ్గు పీకేశాను. చొక్కా మోచేతిదాకా చిరిగింది. చెయ్యి గీరుకుపోవడం తప్ప ఏమీ కాలేదు. మెట్ల మీద ఇద్దరం చాలాసేపు కూచున్నాం. నేను తిట్టలేదు. తిట్టే ఓపిక కూడా లేదు.

"శాలువా వాపస్ ఇచ్చేస్త," అన్నాడు.

శాలువా వాపసిచ్చిన మనిషిని నేను ఇంతవరకు వినలేదు. అయినా లేచి ఇస్త్రీ చేశాను. మడతలు సరిగ్గా వేసి క్యారీబ్యాగులో పెట్టాను. పొద్దున ఆయన దాన్ని చంకలో పెట్టుకుని బస్టాపు దాకా నడుస్తుంటే వెనకాల నుంచి చూశాను. ఆరోజు స్కూల్లో ఏం చెప్పానో నాకు గుర్తు లేదు.

సాయంత్రం మామూలు టైముకే వచ్చాడు. చేతిలో క్యారీబ్యాగు లేదు.

"ఇచ్చినవా?"

"ఇచ్చిన. టేబుల్ మీద పెట్టిన. సార్, నాతోని కాదు అన్న. అయినకాడికి సంచిల పెట్టి తెచ్చిస్త అన్న."

"ఏమన్నడు? కోపమొచ్చిందా?"

"కోపమొస్తె మంచిగుండు," అన్నాడు. చొక్కా గుండీలు విప్పుతూ ఆగాడు. "అయ్యో, ముందే చెప్పొద్దా రాజన్నా అన్నడు. నా ముంగట్నే హైదరాబాద్‌కు ఫోన్ కొట్టిండు. రెండు నిమిషాలు గూడ పట్టలే. డబ్బాలతోని సహా అరవై, వారంల వస్తయట. మిగిలిన చెక్క గిట్ల ఉంటే పొయ్యిల పెట్టుకో అన్నడు."

నేను గెలిచామని అనుకున్నాను. ఆ మాటే అన్నాను కూడా. ఆయన తలూపాడు.

పండగ రోజు మా ఆయనకు కూడా డబ్బా ఇచ్చారు, రాని అతిథుల వంతువి స్టాఫులో కొందరికి పంచారట. లోపల మఖ్మల్ గుడ్డ, బంగారు రంగు పెన్ను. గీసి చూశాడు. "మంచిగనే రాస్తాంది," అన్నాడు, నిజంగానే. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే నాకు అంత భయమయ్యేది కాదు.

అడగడాలు ఆగాయి. శాలువా సంగతి ఊరంతా తెలిసింది. సిద్ధప్ప మొహం తిప్పుకుంటున్నాడు. సక్కుబాయికి మళ్లీ తలనొప్పి మొదలైంది, లేత్ తిరగకపోయినా. సాయంత్రం ఆరున్నర నుంచి ఏడున్నర మళ్లీ పూర్తిగా ఆయనదే, పట్టుకుపోయేవాళ్లు లేరు. ఆయన ఆ గంట టీవీ ముందు కూచునేవాడు. వార్తలు కన్నడంలో వచ్చినా, మరాఠీలో వచ్చినా అదే చూపు. లేత్ మీద దుమ్ము పడుతుంటే నేనే తుడిచాను. నాలుగు రోజులు ఆగుతాడనుకున్నాను. వారమైంది, నెలైంది. చేతులకు విశ్రాంతి అనుకున్నాను. తీరా చూస్తే మణికట్టు గుడ్డ విప్పేసి చాన్నాళ్లయింది.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. నేను అడుగుతాను. ఇప్పుడు వరస లేదు కదా, నేను ఒక్కదాన్నే. కంపెనీ కోసం కాదు, బహుమానం కోసం కాదు. కట్టుకున్నదాని కోసం చెక్క పట్టుకుంటే మళ్లీ ఆ చెయ్యి ఆడుతుంది, "సూడు, సూడు" అంటాడు, రాగం తీస్తాడు. ఎంత మంచి ఆలోచన అని నాకు నేనే మెచ్చుకున్నాను. ఆరోజు చాయ్‌లో అల్లం ఎక్కువేశాను. టీవీ ఆపి ఎదురుగా కూచున్నాను.

"నాకొకటి చెయ్యరాదు," అన్నాను. "ఇన్నేండ్లల్ల నేను అడగలే. పోరగాళ్ల కాపీలు దిద్దడానికి నాకొక పెన్ను చెయ్యి. ఏ చెక్కనైనా సరే."

ఆయన నా మొహంలోకి చూశాడు. బుర్ర గోక్కోలేదు. గొంతు సవరించుకోలేదు.

"కాదు సూర్యా," అన్నాడు. "ఇప్పుడు చేస్తే నీది గూడ గా అరవై పెన్నులల్ల ఒకటయితది."

చాయ్ గ్లాసు నా చేతిలోనే ఉంది. సరే అన్నాను. మళ్లీ ఎప్పుడని అడగలేదు. లోపలికి వెళ్లి పిండి ముందు కూచున్నాను, ఏడుపొచ్చింది. ఎదురుగా మొహం చూసి, భయం లేకుండా ఆయన కాదనగలిగిన మనిషి ఈ లోకంలో నేనొక్కదాన్నేనని అర్థమయ్యాక కూడా ఆ ఏడుపు ఆగలేదు.